వానని కూలికి పెట్టుకున్న పోలిరాజు మావయ్య

సత్యనారాయణ వ్రతంలో కథలు అయిదే. మా పోలిరాజు మావయ్య ఇంట్లో మాత్రం ఆరు. అయిదూ పంతులుగారు చెప్పి, హారతిచ్చి, తాంబూలం పుచ్చుకుని స్కూటరెక్కగానే వరండాలో ఆరోది మొదలవుతుంది. దానికి పంతులుగారు అక్కర్లేదు, మావయ్య చాలు.

ఈ వైశాఖ పౌర్ణమికీ అంతే అయింది. పోర్ట్ బ్లెయిర్‌కి పైన, దీవుల్లో ఉన్న రంగత్‌కి కాస్త ఇవతల మా ఊరు. ప్రసాదం తిని, చేతులు కడుక్కుని అందరం వరండాలో చేరాం. బడి హెడ్‌మిస్ట్రెస్ శ్రీలక్ష్మి టీచరుగారి మొహంలో మాత్రం నెమ్మది లేదు.

"వచ్చే వారం సిమెంటు దిగుతోంది. బడికి రెండు గదులు పెంచే పని పంచాయతీ మన కమిటీకే ఇచ్చింది. నిరుడు తెచ్చిన పనివాళ్ళు మొదటి వానకే చెప్పకుండా వెళ్ళిపోయారు. పునాది గోతుల్లో కప్పలున్నాయి. ఈసారీ పని ఆగితే మంజూరు వెనక్కి పోతుంది, పదో తరగతి పిల్లలకి మళ్ళీ వరండాయే గతి. మనుషుల్ని ఎవరు ఎంచుతారు, ఈ వానల్లో వాళ్ళని ఎవరు నిలబెడతారు, ఇవాళ తేల్చండి" అన్నారావిడ.

మావయ్య గొంతు సవరించుకున్నాడు. లోపల గిన్నెలు సర్దుతున్న కాళమ్మత్త "అయిపోయింది. ఇంక ఎవరూ బస్సు అందుకోలేరు" అంది.

"టీచరమ్మా, ఈ మాట నా ఎదురుగా అడగడమేటి? ఆ పాత బిల్డింగు ఎవరి చేతి మీద లేచింది? అంటే ఇటుక మీద ఇటుక నేను పెట్టలేదనుకోండి, స్వామి పటం ఇంకా పీట మీదే ఉంది, అబద్ధం నా నోట రాదు. కానీ మనుషుల్ని ఎంచింది నేను. బస్, అంతే. చిన్న పని."

"అయితే చిన్నగానే చెప్పు మావా" అన్నాడు బాబ్జీ. రంగత్ బజారులో ఆటో నడుపుతాడు. మావయ్య కోతలకి బ్రేకు వెయ్యడం తన డ్యూటీ అనుకుంటాడు.

"చిన్నగానే చెప్తానొరే. టీముని ఎంచడమంటే నీ ఆటోలో మనుషుల్ని కుక్కడం అనుకున్నావా? ఆ ఏడాది పని కావాలని వచ్చినోళ్ళు రంగత్ బజారు నుంచి మన ఊరి దాకా లైను కట్టారు. అడిగితే అందరూ మేస్త్రీలమే అంటారు. ఎలా తేల్చడం? అందర్నీ పెద్ద డోంగీ పడవలో ఎక్కించి, సముద్రం మంచి కోపం మీదున్న రోజు చూసి, నడిమధ్యకి తీసుకెళ్ళి, తలో గ్లాసు టీ అంచుదాకా పోసి, 'తాగొద్దు, పట్టుకుని నిలబడండి' అన్నాను. అలలా? కొబ్బరిచెట్టంత! టీ తొణికినోడు ఇంటికి. తొణకనోడు టీములోకి. అలా తేలినోడే ఇదిగో, ఈ రమణయ్య. పడవ తలకిందులైనా వీడి చేతిలో మట్టం తప్పలేదు."

మేస్త్రీ రమణయ్య స్తంభానికి ఆనుకుని వక్కపలుకు నములుతున్నాడు.

"పడవ తలకిందులైతే టీ ఎక్కడికి పోయింది మావా?"

"గ్లాసులోనే ఉందిరా! అదే కదా వాడి పనితనం!"

టీచరుగారికి కూడా నవ్వొచ్చింది గానీ దాచుకున్నారు.

"సరే, మేస్త్రీ దొరికాడు. ఆ తర్వాత ఏటయ్యిందో తెలుసా? సూపర్‌వైజరు కావాలి. మనిషైతే ఒకరి మీద ప్రేమ, ఒకరి మీద కోపం ఉంటాయి, అందుకని ఫారెస్టు వాళ్ళ దగ్గర రిటైరైన ఏనుగుని మాట్లాడాను. ఆడ ఏనుగు, మహా నిక్కచ్చి. పొద్దున్నే వచ్చి ఒక్కొక్క స్తంభం దగ్గరా ఆగి, ఓ కన్ను మూసి చూసేది. నూలుపోగంత వంకరున్నా తల అడ్డంగా ఊపేది, అంతే, విప్పి మళ్ళీ కట్టాల్సిందే. దానికి జీతం అరటిగెలలు. ఆదివారం సెలవు. ఓ ఆదివారం పని పెడితే వాగులోకి దిగి కూర్చుంది, నేను వెళ్ళి సారీ చెప్తేగానీ పైకి రాలేదు."

"ఏ భాషలో చెప్పావు?"

"హిందీలోనొరే! ఈ దీవుల్లో పుట్టిన ఏనుక్కి తెలుగెలా వస్తుంది? ఇంతకీ అడ్డుపడకు. సిమెంటు బస్తాలకి కాపలా కావాలా వద్దా? ఆ వాగులోనే ఓ ముసలి మొసలి ఉండేది. దాన్ని వాచ్‌మన్‌గా వేశాను. గోదాము గుమ్మంలో అడ్డంగా పడుకునేది. మనవాళ్ళు వెళ్తే తోక పక్కకి తీసి దారిచ్చేది, పరాయివాడు వస్తే ఆవులించేది. ఆవలింత చాలదూ? ఒక్క బస్తా పోలేదు."

"మొసలి మనవాళ్ళని ఎలా గుర్తుపట్టేది?"

"ఐడీ కార్డులిచ్చాను కదా!"

వరండా అంతా గొల్లుమంది. మావయ్యకి ఆ నవ్వే కావాలి. కండువా దులిపి భుజాన వేసుకుని ముందుకి జరిగాడు.

"ఇవన్నీ పిల్ల సంగతులు టీచరమ్మా. అసలు కష్టం వాన. మే నుంచి డిసెంబరు దాకా ఈ దీవుల్లో దాన్ని తప్పించుకుని ఎవడు కట్టగలడు? నేనేం చేశానంటే, దాన్ని కూడా టీములో కలుపుకున్నాను. ఆకాశం కేసి చూసి 'చూడమ్మా, నువ్వు బయటుంటే పని చెడగొడతావు, లోపలికొస్తే పని చేస్తావు, వచ్చి చేరు' అన్నాను. చేరింది. సిమెంటు పనికి తడపడం కావాలి కదా? ఆ పని దానికిచ్చాను. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి వచ్చేది, గోడలు తడిపేది, వెళ్ళిపోయేది. ఇసక కుప్ప మీద చుక్క పడేది కాదు. ఓ రోజు ఒళ్ళు తెలీకుండా కురిసింది. సగం రోజు కూలి కోసేశాను! మర్నాడు మొహం ముడుచుకుని, ఉరుముకుంటూ వచ్చిందనుకో, కానీ టైముకి వచ్చింది."

"వానకి కూలి ఏం ఇచ్చావు మావా?"

"అది మాకూ మాకూ ఉన్న మాట. ఆ తర్వాత ఏటయ్యిందో తెలుసా? స్లాబు రోజు. కాంక్రీటు పోశారు, దాన్ని కుదిపే మెషిను చెడిపోయింది. కుదపకపోతే లోపల బోలు. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఇంకోటి రావాలంటే మర్నాటి బస్సు. అందరూ నా మొహం చూస్తున్నారు. నేను వంగి, భూమిని ఇలా అరచేత్తో తట్టి, 'తల్లీ, కొంచెం' అన్నాను. భూకంపం వచ్చింది! పెద్దది కాదు, సరిగ్గా స్లాబు ఎంతుందో అంతే. పక్కింటి పొయ్యి మీద పాలు కూడా కదల్లేదు. స్లాబు మాత్రం వెన్నలా కూర్చుంది. పోనీ అక్కడితో ఆగిందా? నేను 'చాలు' అనడం కాస్త ఆలస్యమైంది. ఈ దీవి మొత్తం ఓ జరుగు జరిగింది, ఇండియా వైపు. అందుకే ఇప్పుడు వైజాగ్ షిప్పు గంట ముందొస్తోంది."

"వైజాగ్ షిప్పు ముందు రావడమా?" అన్నాడు బాబ్జీ. "ఏనుగుని నమ్ముతాను, మొసలిని నమ్ముతాను. ఇది నమ్మను."

అప్పుడు రమణయ్య లేచి, వక్క ఉమ్మేసి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"షిప్పు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను బావా. నన్ను డోంగీలో టీ ఇచ్చి ఎంచావా? నేను నీకు ఎక్కడ దొరికాను? నిజం చెప్పు."

మావయ్య కండువా సరిచేసుకున్నాడు. "అదే... రంగత్ బస్టాండు దగ్గర..."

"బస్టాండులోనే. మూట మీద కూర్చుని ఉన్నాను. రోడ్డు పని అయిపోయింది, ఊరెళ్దామంటే తుఫానని షిప్పు ఆపేశారు. నాతో ఇద్దరు రాంచీ వాళ్ళు, ఓ బెంగాలీ వడ్రంగి, ఓ తమిళ తంబి. ఎవరికీ ఉండడానికి చోటు లేదు. టీచరమ్మా, ఆ టీముని ఎంచింది ఈయన కాదు. ఆగిపోయిన షిప్పు."

బాబ్జీ ఈలేశాడు. "క్యా బాత్ హై భయ్యా! ఖేల్ ఖతం!"

మావయ్య మొహం చిన్నబోయింది. టీచరుగారు నిట్టూర్చి "అంటే మనుషుల్ని ఎంచినవాళ్ళూ లేరు, నిలబెట్టినవాళ్ళూ లేరన్నమాట" అన్నారు.

"ఎంచినోళ్ళు లేరు" అన్నాడు రమణయ్య. "నిలబెట్టినోళ్ళున్నారు. వారం తిరక్కుండానే షిప్పు కదిలింది. అందరికీ టికెట్లున్నాయి. ఒక్కడూ ఎక్కలేదు. ఎందుకంటే ఈయన మమ్మల్ని బస్టాండు నుంచి నేరుగా ఈ ఇంటికే తెచ్చాడు. ఈ రెండు గదులూ మాకిచ్చేశాడు. వానాకాలం అంతా తానూ కాళమ్మక్కా వెనక కట్టెల పాకలో పడుకున్నారు. మా రాంచీ తమ్ముడికి జ్వరమొస్తే ఈయనే వీపున మోసుకెళ్ళి బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అలాంటి మనిషి ఊరి బడిని సగంలో ఒదిలేసి ఏ మొహంతో ఓడెక్కుతాం? మొసలి కథా, ఏనుగు కథా అన్నీ చెప్తాడు, ఈ ఒక్కటీ చెప్పడు."

వరండాలో ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాది నేను పెళ్ళై పోర్ట్ బ్లెయిర్ పక్కన బ్రూక్షాబాద్‌లో ఉన్నాను. మా ఇంటి సంగతులన్నీ, తాతల నాటి ఓడ ప్రయాణంతో సహా, నా దగ్గర భద్రంగా ఉన్నాయనుకునేదాన్ని. కట్టెల పాక సంగతి నాకు తెలీనే తెలీదు. లోపల పీట మీద దీపం ఇంకా వెలుగుతోంది. అటు తిరిగి దండం పెట్టుకున్నాను.

"ఎందుకు చెప్పలేదు పోలిరాజుగారూ?" అన్నారు టీచరుగారు.

"అందులో చెప్పడానికేముంది టీచరమ్మా?" మావయ్య నిజంగానే తెల్లబోయాడు. "ఇల్లుంది, ఇచ్చాం. అదీ ఒక కథేనా?"

"నాకు ఆ కథే కావాలి. ఈసారీ పనివాళ్ళ బాధ్యత మీరే చూడండి. మళ్ళీ ఇల్లిస్తారా?"

"ఇల్లేటి! ఈసారి వాళ్ళకి ఏకంగా..."

"నువ్వాగు" అంటూ కాళమ్మత్త చెంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఇస్తాం టీచరమ్మా. వండి కూడా పెడతాం, పిల్లల బడి కదా. కాకపోతే ముందు ఆ కట్టెల పాకకి కొత్త రేకులు వేయించండి. ఈయన వానకి గోడలు తడిపే పని ఇచ్చానంటాడు గానీ, ఆ ఏడాదంతా అది తడిపింది నన్నే."

ఈసారి నవ్వుకి వరండా కదిలింది. మావయ్య కూడా నవ్వాడు, అందరికంటే ఎక్కువగా.

రేకులు పంచాయతీ గోదాములో ఉన్నాయనీ, రేపే వేయిస్తాననీ టీచరుగారు మాటిచ్చారు. రమణయ్య అప్పుడే ఫోను తీసి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న రాంచీ తమ్ముడికి కలిపాడు. "హా భాయ్, స్కూల్ కా కామ్ హై. హా, అదే ఇల్లు. దీదీయే వండుతుంది... అందర్నీ తీసుకొస్తావా? బస్, వచ్చెయ్యండి."

అవతలివాడు ఇంకేదో అడిగాడు. రమణయ్య ఫోను చెవికి అలాగే పెట్టుకుని మావయ్య వైపు ఓసారి చూశాడు.

"ఉన్నాడు, ఉన్నాడు" అన్నాడు. "ఇప్పుడే కథ ఆపి కాస్త ఊపిరి తీసుకుంటున్నాడు."