గోతిలో పూడ్చిన ఆవులు

అమెరికాలోని డకోటాలో మంచుతుపాను వెళ్ళి రెండు నెలలయింది. చచ్చిన పశువులకు సర్కారు ఇచ్చే పరిహారానికి గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. వెర్నా ట్రక్కు దిగుతూనే పొరుగు రైతు ఆర్లెన్ చేతిలో కాగితం పెట్టింది.

“సాక్షి సంతకం పెట్టు. నా ఆవులు నీ కంచె దగ్గర చచ్చిపడి ఉండగా చూసింది నువ్వొక్కడివే.”

“పెట్టలేను వెర్నా.”

“పెన్ను లేదా? ఇదిగో.”

“అది కాదు.”

“మరేంటి? ఈ పరిహారం రాకపోతే నేను భూమి అమ్ముకోవాలి. పోనీ, పూడ్చేముందు ఫోటోలు తీశానన్నావుగా, అవివ్వు.”

“పరిహారం ఇచ్చే కౌంటీ ఆఫీసులో ఇచ్చేశాను.”

“ఎవరి పేరున?”

ఆర్లెన్ టోపీ సర్దుకున్నాడు.

“ఎవరి పేరున, ఆర్లెన్?”

“నావి పదకొండే చచ్చాయి. వాటికొచ్చేది మేతకి కూడా చాలదు.”

“అందుకని నా ముప్పై ఆవులూ నీవేనని రాసిచ్చావా?”

“పోయినవారం నా బుద్ధి గడ్డి తింది. ఒట్టు, అంతకుముందు ఆ ఆలోచనే లేదు.”

“అయితే గొయ్యి తవ్వుదాం పద. తోలు కుళ్ళినా చెవి ట్యాగులు ప్లాస్టిక్కువి, కుళ్ళవు. వాటి మీద నా నంబర్లుంటాయి.”

“తవ్వినా దొరకవు.”

“ఎందుకు?”

“పూడ్చేముందే కోసేశాను.”

వెర్నా లెక్కవేసుకుంది: పూడ్చి రెండు నెలలైంది. అది పోయినవారం పుట్టిన బుద్ధి కాదు.

“పూడ్చిన రోజు నన్ను చూడొద్దన్నావు, అన్నీ నువ్వే చూసుకుంటానన్నావు. పాపం, చలిలో నాకోసం కష్టపడుతున్నాడని మధ్యాహ్నం నీకు వేడి సూప్ పట్టుకొచ్చాను.”

“తెచ్చావు.”

“అప్పటికి ఎన్ని చెవులు కోశావు?”

“అన్నీ.”