వరండా లైటుకు ఎవరు చెప్పారు

నేనేదో పిల్లను బెదిరించానన్నట్టు చూడకండి, అల్లుడుగారూ. చెప్పమన్నది మీరే కదా? సైన్సు మాస్టారు కదా, మీరైతే విడమరిచి చెప్పగలరన్నారు. చెప్పాను. ముడుచుకుని పడుకుందంటే, మరి అర్థమైంది గనకే పడుకుంది.

అలా నిలబడకండి, కూర్చోండి.

వరండా లైటు దానంతటదే ఎలా వెలుగుతుందని పిల్ల అడిగితే, మొదటిసారి సులువుగానే చెప్పాననుకున్నాను. ఇంట్లో వస్తువులన్నీ ఒకదాని మాట ఒకటి వింటాయమ్మా, ఫోన్ చెబితే లైటు వెలుగుతుంది, ఎంత దూరం నుంచి చెప్పినా వెలుగుతుంది అన్నాను. అయితే నేను చాటుగా ఐస్‌క్రీం తిన్నానని ఫ్రిజ్ నాన్నకు చాడీలు చెబుతుందా అని నిలదీసింది. నవ్వాను. మా అమ్మాయి పోయాక ఈ ఇంట్లో నేను నవ్వడం అదే.

ఎంత దూరం నుంచైనా... ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ చాలా దూరం వెళ్లిందని అంతకుముందే మనం చెప్పి ఉన్నాం కదా?

ఇంకేముంది. సాయంత్రం వరండా లైటు దానంతటదే వెలగడం, పిల్ల చెప్పులేసుకుని గేటు దగ్గరికి పరిగెత్తడం. అమ్మే వేసింది, ఆఫీసు నుంచి బయల్దేరింది అనడం. అన్నానికి పిలిస్తే రాదు. మీరు విసుక్కునేవారు. తప్పు నాదేనని తెలిసీ నేనూ కసిరేవాణ్ణి.

ఈ సాయంత్రం గేటు దగ్గరే పక్కన కూర్చున్నాను. చీకటి పడితే వెలగమని అమ్మ ఎప్పుడో ఫోన్లో పెట్టి ఉంచిందమ్మా, అది చెప్పిన పని చేసుకుపోతుంది, అమ్మ చనిపోయిందని దానికి తెలియదు, తెలుసుకోలేదు కూడా అన్నాను. చనిపోయింది అనే అన్నాను, అల్లుడుగారూ. దూరం అనలేదు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపు లైటు వైపు చూసింది.

"మరి ఎవరూ రానప్పుడు ఎందుకు తాతయ్యా? ఆపేయ్. కరెంటు దండగ."

అనేసి చెప్పులు విప్పి, స్టాండులో సర్ది, లోపలికి వెళ్లిపోయింది. ఎందరికో పాఠాలు చెప్పాను. అర్థం కాకపోతే బాగుండునని ఏ పిల్ల విషయంలోనూ అనుకోలేదు.

ఆపండి మరి. ఫోన్ మీ చేతిలోనే ఉందిగా. ఆపరేం?

నన్ను ఆపమంటారా? నా వల్ల కాదు.

పిల్ల గేటు దగ్గరికి పరిగెత్తిన ప్రతిసారీ, లోపలికి రమ్మని కసురుతూనే... నేనూ వీధి మలుపు వైపు చూసేవాణ్ణి.