కోర్టు వాయిదాలకు తోడు వెళ్ళిన వెంకటశేషమ్మ గారు

1988 ఆగస్టు పదిహేడవ తేదీన నెల్లూరులోని జిల్లా పరిశ్రమల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరిన శ్రీమతి వెంకటశేషమ్మ గారు, ఈ నెలాఖరున పరిశ్రమల ప్రోత్సాహక అధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇన్నేళ్ళ సేవలో వారు అలసట ఎరుగరని రాయడం మర్యాదే గాని నిజం కాదు. అలసిపోయానని వారే పలుమార్లు నాతో అన్నారు.

తొలినాళ్ళు రుణ దరఖాస్తుల విభాగంలోనూ, ఆ తరువాత చాలా కాలం కావలి, జువ్వలదిన్నె ప్రాంతాల క్షేత్ర పర్యవేక్షణలోనూ గడిచాయి. పదోన్నతిపై తిరిగి నెల్లూరు వచ్చాక, చిన్న ఉత్పత్తిదారుల చేత ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టించే బాధ్యత వారిపై పడింది. తోటపల్లి గూడూరులో హజరాబీ, ఆమె భర్త చోటే సాహెబ్ రొయ్యల చెరువులకు కావలసిన సామగ్రి తయారుచేస్తారు. మేత తిన్నాయో లేదో చూసే వల ట్రేలు ఆమె కుడితే, నీటిని చిలికే ఏరేటర్లకు రెక్కలు ఆయన పోతపోస్తారు. భయపడుతున్న ఆ దంపతులను ఒప్పించి ఆన్‌లైన్‌లో అంగడి తెరిపించినవారు శేషమ్మ గారే.

రెండేళ్ళ క్రితం ఒక పెద్ద సంస్థ, తాము నమోదు చేయించుకున్న రెక్కల నమూనాను ఎవరో అనుకరించారంటూ పొరుగు రాష్ట్రపు న్యాయస్థానంలో తాత్కాలిక నిషేధాజ్ఞ పొందింది. ఎవరు అమ్మినా సరే, ఆ పోలిక గల రెక్కల అమ్మకం ఆపాలన్నది ఉత్తర్వు. ఆ ఉత్తర్వు చూపి, అంగడికి చోటిచ్చిన ఆన్‌లైన్ కంపెనీ రెక్కలతోపాటు ట్రేలనూ ఆపి, హజరాబీ అంగడినే మూసివేసింది. చెరువుల్లో రొయ్య పిల్లను వదిలే, సామగ్రి బాగా అమ్ముడయ్యే అదను అది.

"ఏందక్కా ఇది? కోర్టు మొహమే చూడలేదే నేను. నన్ను అడక్కుండా నా అంగడి ఎట్టా మూసినారు?" అని హజరాబీ మా కార్యాలయంలో కూలబడింది. కోర్టు వ్యవహారం మనకెందుకని మాలో కొందరు అన్నారు.

"అంగడి పెట్టమని చెప్పింది మనమే గదయ్యా," అన్నారు శేషమ్మ గారు.

సెలవు పెట్టి వకీలును చూసిపెట్టారు. వాయిదాలకు హజరాబీకి తోడు వెళ్ళారు. ఒకసారి ఎదుటి వకీలు రాలేదు, మరొకసారి న్యాయమూర్తి సెలవు. అలా ఊరికే తిరిగివస్తున్న ఒక సాయంత్రం రైల్లో ఇద్దరూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి, నెల్లూరు దాటిపోయి కావలిలో కళ్ళు తెరిచారట. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ ఇద్దరూ నవ్వుకున్నారట. అంతలోనే హజరాబీ అడిగిందట:

"అంగడి తెరిస్తే మళ్ళా అమ్మమంటావా అక్కా?"

"అమ్మమని చెప్పే ధైర్యం ఇప్పుడు నాకు లేదు మే. అమ్మితే మాత్రం నీ ఎనకాల ఉంటా."

చివరకు న్యాయస్థానం ఉత్తర్వును సవరించింది. రెక్కలపై నిషేధం దావా తేలేవరకు కొనసాగుతుంది. ట్రేలకు దానితో సంబంధం లేదు. అంగడి తెరుచుకుంది. అప్పటికి రైతులు రొయ్యల పట్టుబడి ముగించారు, కొనుగోలుదారులు వేరే అంగళ్ళకు అలవాటుపడ్డారు. చోటే సాహెబ్ ఇప్పుడు ఇతరుల ఏరేటర్లు బాగుచేసే పనికి వెళ్తున్నారు. అంగడి తెరుచుకున్ననాడు మేము మిఠాయి పంచబోతే, "గెలిచిందెవురయ్యా?" అని శేషమ్మ గారు తమ బల్ల దగ్గరకు వెళ్ళి కూర్చున్నారు.

అయినా హజరాబీ ట్రేలు కుడుతూనే ఉంది. ఆర్డర్లు పలచగానైనా వస్తున్నాయి. దావా ఇంకా నడుస్తోంది. తదుపరి వాయిదా నాటికి శేషమ్మ గారు ప్రభుత్వోద్యోగిని కారు. ఐనా వెళ్తానని హజరాబీకి మాట ఇచ్చారు.

ఇకనైనా ఇంటిపట్టున విశ్రమించండి అని కోరదామనుకున్నాను గాని, వారు వినరు. కనుక కోర్టు మెట్లెక్కే శక్తి వారి మోకాళ్ళకు ఉండాలనీ, ఆ దావా తీర్పును కళ్ళారా చూసేంత, చూశాక కూడా చాలా ఏళ్ళు కుటుంబంతో కులాసాగా గడిపేంత ఆయుష్షు వారికి కలగాలనీ మా కార్యాలయ సిబ్బంది అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను.

— హెబ్రోను, సీనియర్ అసిస్టెంట్