గడ్డిలో సందు

హలో… ఆ, నేనేనే, మీ అక్కని… పనుంటే ఉండనీలే, కాసేపు విను.

…అందరం బాగానే ఉన్నాం. నా గడ్డికే బాగాలేదు.

…అదేనే, మా పెరటికీ మా తోడికోడలి పెరటికీ మధ్య పెంచాను చూడు, రెల్లులా పైన కుచ్చులేసేది. మనిషిని మించి ఎదిగింది… ఆ, గడ్డే. నీకు గడ్డి, నాకది గోడ. పొద్దున్నే ఆ మహాతల్లి మొహం చూడకుండా బట్టలారేసుకుంటున్నానంటే దాని పుణ్యమే.

…ఏమైందా? ఎవరో కోశారు.

…మొదలంటా కాదు. మధ్యలో, నడుం ఎత్తున, కిటికీ పెట్టినట్టు ఒక సందు.

…ఆవా? తాళం వేసిన పెరట్లోకి ఆవెక్కడ్నుంచి వస్తుందే? అది కొరికితే నమిలినట్టుంటుంది. ఇది కత్తెర కోత, నున్నగా ఉంది. పైగా ఒక్క ముక్క కింద పడి లేదు. శుభ్రంగా ఏరుకుపోయారు.

…ఇంకెవరు, ఆవిడే. నేనేం కట్టుకున్నానో, ఎవరితో మాట్లాడుతున్నానో చూడకపోతే ఆవిడకి నిద్ర పట్టదు… నేను కళ్ళారా చూడలేదులే. చూడాలా ఏంటి? నా కూతుర్ని పట్టుకుని నలుగురిలో అంత మాట అన్న మనిషికి గడ్డి కొయ్యడం ఒక లెక్కా?

…అడక్కుండా ఎలా ఊరుకుంటాను? ఫోన్ పెట్టేసి నేరుగా వాళ్ళింటికే వెళ్తాను. వాకిట్లో నిలబెట్టి కడిగేస్తాను… ఆ, తెలుసు. అన్నదమ్ములు ఏ పెళ్ళిలోనో ఎదురుపడితే ఇంకా పలకరించుకుంటున్నారు. ఇవాళ్టితో అదీ ఉండదు. పోతే పీడా పోయింది.

…ఏమన్నావ్? ఏ వైపు నుంచి కోశారనా?

…ఏమో. ఉండు, దగ్గరికెళ్ళి చూస్తా… మనవైపు కాడలు బాగా లోపలికి కోశారు. అటుకేసి వెళ్ళేకొద్దీ… చివర్న సగం సగం వదిలేశారే. చెయ్యి అందనట్టుంది.

…అంటే మా పెరట్లోకే వచ్చి కోసిందన్నమాట. ఎంత ధైర్యం.

…తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

…ఇంట్లో ఎవరుంటారు? నేనూ, మీ బావగారూ.

…ఛ, ఆయన దీని జోలికి రారు. ఆకు అంచు రంపంలా ఉంటుందే, ముట్టుకుంటే వేళ్ళు గీరుకుపోతాయి. నేనే చేతులకి తొడుగుల్లేకుండా పట్టుకోను.

—

…ఉన్నాయి. ఆయన రెండు చేతుల మీదా సన్నగా గీతలు. పిల్లి గీరిందన్నారు.

…లేదు. మాకు పిల్లి లేదు.

…ఓహో, అయితే ఇదంతా ఆయన పనా? ఆవిడతో చేతులు కలిపి, నా కళ్ళు కప్పి… అదీ సంగతి. అందుకే గడ్డి కొయ్యాలి, గడ్డి కొయ్యాలని నా ప్రాణం తీశారు.

…ఏటా కోస్తాంలే. చలి తగ్గగానే తాడుతో కట్టి, మొదలంటా కోసెయ్యాలి. ఎండుకాడలు ఉంచితే కింద కొత్త మొలకలు ఉక్కిరిబిక్కిరైపోతాయి. ఈసారి నేనే కొయ్యనివ్వలేదు… ఎందుకంటే, కోశాక మళ్ళీ ఎదిగేదాకా వాళ్ళ వరండా మొత్తం కనబడుతుంది. ఆ కాసిన్నాళ్ళు కూడా నాకొద్దన్నాను.

…ఏం కనబడుతుందా ఇందులోంచి? వంగితే గానీ… ఇది నిలబడ్డవాళ్ళకి కాదే. కుర్చీలో కూర్చుంటే సరిగ్గా కళ్ళకి…

—

…ఉండు, అటువైపు ఎవరో కనబడుతున్నారు.

…మా మరిది. వరండాలో. గోడ పట్టుకుని నడుస్తున్నాడు… కాదు, నడక నేర్చుకుంటున్నాడు. కుడికాలు ఈడుస్తున్నాడే. చెయ్యి కూడా వేలాడిపోయింది. వెనకాల ఆవిడ, నడుం పట్టుకుని.

…నాకు తెలీదు. ఒట్టు, తెలీదు. నాకెవరు చెప్తారు? ఆ ఇంటి పేరెత్తితే నేను ఊరుకున్నానా ఎప్పుడైనా?

…ఆయనకి తెలిసే ఉంటుంది. ఈమధ్య రోజూ పొద్దున్నే పేపరు పట్టుకుని ఇక్కడే కుర్చీ వేసుకుంటున్నారు. ఒక్క పేజీ తిప్పరు. వయసు మీద పడిందిలే అనుకున్నాను.

…ఏడవట్లేదు… ఆ, ఏడుస్తున్నాను, అయితే ఏంటి? తమ్ముడు ఎక్కడ పడిపోతాడోనని చూసుకోడానికి, సొంత పెరట్లో దొంగలా కన్నం వేసుకున్నారే మనిషి. నాకు భయపడి. కోసిన ముక్కలు కూడా ఏరి దాచుకున్నారు.

 

…ఉండు, ఆయనే వస్తున్నారు… నన్ను చూసి ఆగిపోయారు.

ఏవండీ… వెనక్కెళ్ళకండి. నేనేం అనను. కొడవలి తీసుకురండి, తాడు కూడా. మొదలంటా కోసేద్దాం… అవును, ఇప్పుడే.

…ఆ, నీతోనే మాట్లాడుతున్నా. కొత్త మొలకలు మోకాలిదాకా వచ్చేశాయే. ఇప్పుడు కోస్తే వాటి తలలూ తెగిపోతాయి. ఈ ఏడంతా ఇంకేం ఎదగదు…

ఎదక్కపోతే మానె. పెట్టేస్తున్నా.