ఎవురి మారుమనువు

ఆదెమ్మని ఒకామె ఉండేదంట, కుమ్మరోళ్ళ పిల్ల. ఇరవయ్యారేళ్ళొచ్చినా పెళ్ళి కాలా. ఆ రోజుల్లో ఇరవయ్యారంటే ఏంది, నాగరత్నం, నీకు ఆ వయసుకి ముగ్గురు పిల్లలు. నవ్వబాక, మిరక్కాయల తొడిమలు తీస్తా ఇను, ఈ రాసుకునే మేడంగారు నీ నవ్వు గూడా రాసుకుంటదేమో. పెళ్ళి కాలా అంటే ఎవురూ అడక్క కాదు. చాలామందే అడిగారంట. ఈమే ఒప్పుకోలా. సంతలో కుండ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం, వేలితో టంగుమని కొట్టి చూస్తాం గదా, బీటుందేమోనని. అట్టా వచ్చిన పెళ్ళికొడుకునల్లా ఒకటే మాట అడిగేదంట, నాకు జొరమొచ్చి పడుకుంటే ఏం చేస్తావయ్యా అని. ఒకడు మా అమ్మని పిలుస్తా అన్నాడంట. ఇంకొకడు మీ అమ్మని పిలుస్తా అన్నాడంట. ఇంకొకడైతే జొరం ఎందుకొచ్చుద్ది, మా ఊళ్ళో గాలి మంచిది అన్నాడంట. ముగ్గుర్నీ మజ్జిగిచ్చి పంపిచ్చింది. ఇట్టా పంపిస్తా పంపిస్తా ఉంటే అమ్మా నాయనా పోయారు, ఇల్లు అన్నలదీ వదినెలదీ అయింది. ఇంక చూసుకో. పొద్దున్నే పొయ్యి కాడ గిన్నెల చప్పుడు ఎక్కువైందనుకో, అది తనకోసమేనని ఆదెమ్మకి తెలిసిపోయేది.

అప్పుడేమైందంటే, రేగులపాడు నుంచి మాలకొండయ్య అనే ఆయన సమ్మంధం వచ్చింది. ఈయనా కుమ్మరే, మంచి పనోడు, ఆయన చేసిన కడవలో నీళ్ళు మూడో రోజుకి గూడా చల్లగా ఉంటయ్యంట. ఆదెమ్మ అడిగింది, జొరమొస్తే ఏం చేస్తావయ్యా అని. ఆయన కాసేపు ఆలోచించి, జావ కాస్తా అన్నాడంట. అంతే, అంతకు మించి ఒక్క మాట లేదు. ఆదెమ్మ లోపలికెళ్ళి ఈయన్నే చేసుకుంటా అన్నది. అప్పుడు పెద్దన్న చెప్పాడు, అమ్మాయ్, అంతా బాగానే ఉందిగానీ ఒక మెలికుంది, ఈయనకి ముందే ఒక పెళ్ళి అయింది, తెగతెంపులయినయ్యి అని. ఎందుకయినయ్యి అంటే కొట్టుకున్నారా తిట్టుకున్నారా, ఏమీ లేదు. ఆ మొదటామె తిరపతమ్మ. పది మాటలు మాట్లాడే మనిషి. ఈయన పది మాటలకి ఒక ఊ అంటాడు. ఎనిమిదేళ్ళు చూసింది, పిల్లా జెల్లా లేరు, ఇంట్లో మాటకి బదులు లేదు, నేను గోడతో కాపరం చెయ్యలేనని ఆమే లేచి కులపెద్దల కాడికి పోయింది. ఆళ్ళు ఇద్దర్నీ నిలబెట్టి, గడ్డిపరక తుంచి చెరో ముక్క చేతిలో పెట్టారు. మా పక్క తెగతెంపులంటే అంతేగా, కాగితం లేదు, ప్లీడరు లేడు. అప్పుడు కులపెద్ద పేరయ్య తాత అన్నాడంట, ఎనిమిదేళ్ళు ఈ పిల్ల నీ మట్టి తొక్కింది, నీ కుండలు తట్టింది, ఉత్త చేతుల్తో పంపిస్తే కుదరదు మాలకొండయ్యా, ఆము ఇప్పినప్పుడల్లా మూడోవంతు కుండలు ఈమెకియ్యాల, మారుమనువు అయ్యేదాకా. అందరూ సరే అన్నారు, లేచారు, భోజనాలకి పోయారు. ఆము అంటే కుండలు కాల్చేది మేడం, మారుమనువు అంటే రెండో పెళ్ళి. అది రాసుకో, ఆ మాట మీదే ఉంది అంతా.

ఆదెమ్మ ఇదంతా ఇని ఏమన్నదో తెలుసా? మూడోవంతే గదన్నా, రెండొంతులు నాయేగా అన్నది. చేసుకున్నది, రేగులపాడొచ్చింది. జావ కాసే మొగుడు, గిన్నెలు చప్పుడు చేసే వదినెల్లేరు, ప్రాణం హాయిగా ఉందంట. ఈయన సారె మీద కుండ తీస్తే, ఈమె లోపల రాయి పెట్టి, పైన చెక్కతో తట్టి తట్టి పల్చన చేసేది. ఒక్కో కుండకి ఎన్ని దెబ్బలో! సాయంత్రానికి భుజాలు పడిపోయేయి. అయినా నా కుండలు గదా అని తట్టింది. మొదటి ఆము కాల్చారు, చల్లారింది, ఇప్పారు. ఇప్పేసరికి వాకిట్లో తిరపతమ్మ, చంకలో పెద్ద బుట్టతో. ఏం చెల్లే, బాగున్నావా అన్నది. అని ఊరుకుందా, ఆము కాడ గొంతుక్కూచుని, ఒక్కో కుండా తీసి, టంగ్, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, బాగా మోగింది బుట్టలోకి, మోగంది పక్కకి. టంగ్, బుట్టలోకి. టంగ్, బుట్టలోకి. ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో చేసిందాయె, ఆమె చెవికి తెలవకుండా ఒక్క బీటు పోద్దా! పెద్దలు మూడోవంతు అన్నారేగానీ ఏ మూడోవంతో అనలా. మంచియ్యన్నీ ఏరుకుని, చేటంత నవ్వు నవ్వి, వస్తా చెల్లే అని పోయింది. ఆదెమ్మకి మిగిలినయ్యి చూస్తే ఒకటి మూతి వంకర, ఒకటి అడుగు వంకర. ఆమె చెక్క పట్టుకుని అట్టాగే నిలబడిపోయిందంట.

సంతలో ఇంకా ఘోరం. ఇద్దరూ పక్కపక్కనే కూచోవాల్సొచ్చింది, కుండలమ్మే చోటు ఒకటే గదా. తిరపతమ్మ బుట్ట పొద్దెక్కేసరికి ఖాళీ. ఆదెమ్మ కాడికొచ్చినోళ్ళు టంగుమని కొట్టడం, పెదవి ఇరవటం, పోవటం. కడుపు మండిపోదా మరి? ఇంటికొచ్చి మొగుణ్ణి అడిగింది, ఏందయ్యా, నా చేతులు కాయలు కాచేట్టు తట్టిన కుండలు తీసుకెళ్ళి ఆమె అమ్ముకుంటంటే నీకేం అనిపించట్లా? ఆయన అన్నాడు, పెద్దలు చెప్పారుగా, ఇయ్యాల. ఇచ్చావుగా ఒకసారి? మళ్ళా ఇయ్యాల. ఎన్నాళ్ళు? చెప్పినన్నాళ్ళు. అంతే. అప్పుడు తెలిసింది ఆదెమ్మకి తిరపతమ్మ ఎందుకు వదిలేసి పోయిందో! రెండో ఆముకి ఈమె తెలివి చేసింది. తిరపతమ్మ రాకముందే నాలుగు మంచి కడవలు తీసి గడ్డివాము ఎనకాల దాచింది. మాలకొండయ్య పోయి ఆ నాలుగూ రెండు చేతుల్తో రెండుసార్లుగా తెచ్చి, మళ్ళీ ఆములో పెట్టి, మట్టి దులుపుకుని కూచున్నాడు. మొగుడు నిజాయితీపరుడు కావాలని మనమే కోరుకుంటామమ్మాయ్, అయితే ఆ నిజాయితీ పక్కింటికి పోతంటే మాత్రం తట్టుకోలేం.

ఆ రోజు ఆదెమ్మ అన్నం తినలా. మంచం మీద పడుకుని పెద్దలు చెప్పిన మాటే అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. మారుమనువు అయ్యేదాకా ఇయ్యాల. మారుమనువు అయ్యేదాకా. ఉన్నట్టుండి లేచి కూచుంది. ఓరి నాయనో, అయిందిగా! నేనేగా ఆ మారుమనువుని! పెద్దలు ఎవురి మారుమనువో అన్నారా? అనలా. తెల్లారేసరికి పేరయ్య తాత ఇంటి ముందు నిలబడి, తాతా, పంచాయితీ పెట్టు అన్నది. పెట్టారు. ఊరంతా వచ్చింది, తిరపతమ్మా వచ్చింది, మాలకొండయ్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆదెమ్మ అడిగింది, తాతా, నువ్వు మారుమనువు అయ్యేదాకా అన్నావా లేదా? అన్నా. ఈయనకి అయిందా లేదా? అయింది. మరింకేంది? తిరపతమ్మ లేచి, నోరెట్టా వచ్చిందే నీకు, అది నా మారుమనువు గదా, నాకయ్యేదాకా అని అన్నది. నీదని ఎవురన్నారు? ఆయనదని ఎవురన్నారు? మాలకొండయ్యని అడిగితే, నేను ఆమెదే అనుకున్నా అన్నాడు. అనుకుంటే చాలదయ్యా అన్నారు. అప్పుడు అందరూ పేరయ్య తాతనే అడిగారు, అన్నది నువ్వేగా, ఎవురిదనుకుని అన్నావు? తాత తల గోక్కున్నాడు. గోక్కుని, నిజం చెప్పాలంటే ఆ పూట రామయ్య ఇంట్లో వేటకూర ఉడుకుతా ఉంది, నేను దాన్ని అనుకుంటా అన్నా అన్నాడంట. జనం గొల్లుమన్నారు. తాతకి రోషమొచ్చింది. ఏమైతేనేం, మాట మాటే, మారుమనువు అన్నా, మారుమనువు అయింది, ఇయ్యాల్టి నుంచి తిరపతమ్మకి కుండలు లేవు అని తేల్చేశాడు.

ఆదెమ్మ గెలిచింది. గెలిచిందని చీర కొంగు బిగిచ్చి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. అంత నోరున్న తిరపతమ్మ అలవాటుగా తెచ్చుకున్న ఖాళీ బుట్ట చంకలో పెట్టుకుని కూలబడింది. అప్పుడు ఎనక నుంచి సింగయ్య అనేవాడు లేచాడు. పేరయ్య తాత అన్ని తెగతెంపులకీ అదే మాట వాడతాడు మరి, ఈ సింగయ్య గూడా మొదటామెకి ఏటా రెండు మేకలిచ్చుకుంటన్నాడు. తాతా, అంటే నేను గూడా ఇంకొకదాన్ని చేసుకుంటే ఆ మేకలియ్యక్కర్లేదా? అక్కర్లా. ఇంకొకడు లేచాడు, నేను ధాన్యం ఇస్తన్నా, అదీ ఆగుద్దా? ఆగుద్ది. ఇంకొకడు పెళ్ళాన్ని అసలు వదిలిపెట్టనే లేదు, పక్కనే కూచునుంది, వాడు గూడా అడిగాడంట, ఇవాళ వదిలేసి రేపు చేసుకుంటే ఎట్టా తాతా, ఒక్క పూటే గదా ఇయ్యాల్సింది? మగాళ్ళంతా ఒకటే ఇకఇకలు, పకపకలు. ఆడోళ్ళు మాత్రం ఒక్కళ్ళూ నవ్వలా. ఆళ్ళు నవ్వలేదని ఆదెమ్మ చూసింది. చూసి, నడుం మీంచి చెయ్యి తీసేసింది.

మొగుడి వంక తిరిగింది. ఇదిగో, నిన్నే, ఒకేళ నన్నొదిలేశావనుకో, ఇంకొకామెని చేసుకున్నావనుకో, నాకేమిస్తావ్? మాలకొండయ్య కాసేపు ఆలోచించాడు. ఆలోచించి, పెద్దలు ఏం చెప్తే అది అన్నాడు. పెద్దలు చెప్పింది ఇన్నావుగా ఇప్పుడు? ఇన్నా. అయితే? అయితే ఏమీ ఇయ్యను అన్నాడంట. కోపంగా కాదమ్మా, మామూలుగా, కుండ ఆరిందా లేదా అంటే చెప్పినట్టు చెప్పాడు. అబద్ధం ఆడటం రాదు గదా పాపం. పుట్టిల్లు తలుపేసుంది. కడుపున ఒక కాయా లేదు. మొగుడు చూస్తే పెద్దల మాట మీదే నిలబడే మనిషి, ఆ మాటనే తనే పోయి తనచేత్తో మార్పించుకొచ్చింది. గబగబా పేరయ్య తాత ముందుకెళ్ళి, తాతా, తీర్పు తిప్పు అన్నది. తాత మండిపడ్డాడు, తీర్పంటే అట్టనుకున్నావా తిప్పెయ్యటానికి, గెలిచింది నువ్వేగా అన్నాడు. నేనా గెలిచింది? అటు చూడు, పళ్ళు కనపడతన్నయ్యే, ఆళ్ళు గెలిచారు. మారుమనువంటే ఆడదాని మారుమనువని అందరి ముందూ చెప్పు తాతా, చెప్పకపోతే నేనీణ్ణుంచి లెగవను అని కూలబడింది. యాడ కూలబడింది? తిరపతమ్మ పక్కన. ఆ కూచున్న ఆడోళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి ఆళ్ళ పక్కన కూచున్నారు. పేరయ్య తాత భార్య గూడా వచ్చి కూచుందంట, అది చూసి ముసలోడు దిగొచ్చాడు. సరేనమ్మా సరే, ఆడదాని మారుమనువే, ఇంక లేవండి, ఇంటికి పోయి కూడొండండి అన్నాడు.

అయితే ఆదెమ్మ ఊరికే లేచే మనిషా? తిరపతమ్మ చెయ్యి పట్టుకుని, అక్కా, నీ వంతు నీదే, కాదన్ను, అయితే ఏరుకునేది వంతులేసుకుని, ఒకటి నువ్వు తీస్తే రెండు నేను తియ్యాల, నీ వంతు కుండలు నువ్వొచ్చి తట్టుకోవాల అన్నది. తిరపతమ్మ సరేలేవే అన్నది. ఇంక మరుసటి నెల నుంచి ఇద్దరూ ఒకే వాకిట్లో కూచుని తట్టటం. ప్రాణమిత్రులయ్యారనుకునేరు, కాలా. తెల్లారిందగ్గర్నుంచి పొద్దుగూకేదాకా పోట్లాటే, నీ దెబ్బ గట్టిది, నీ దెబ్బ మెత్తన అని. ఆ గోలకి మాలకొండయ్య సారె ఎత్తుకుని పెరట్లోకి పోయాడంట. తిరపతమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుందా అంటే చేసుకోలా. ఎవురన్నా అడిగితే, నాకేం పిచ్చా, కుండలు పోవూ అనేది. అమ్మలక్కలు ఆదెమ్మని అడిగేవోళ్ళంట, ఏమే, ఇన్నేళ్ళుగా సవితికి పెడతన్నావు, నీకు బాధగా లేదా అని. ఆమెకి పెడతన్నానని ఎవురన్నారు, నాకే పెట్టుకుంటన్నా అనేదంట ఆదెమ్మ.

అదమ్మా సంగతి. మొన్న మా మేనకోడలికి గూడా ఒక రెండో పెళ్ళోడి సమ్మంధం వచ్చింది. తెచ్చినాయన ఒకటే మురిసిపోతన్నాడు, పిల్లోడు బంగారం పిన్నమ్మా, మొదటిదానికి పైసా ఇచ్చే పన్లేదు, కోర్టులో ఎట్టా తప్పించుకున్నాడో తెలుసా అని. మంచిది నాయనా, కాఫీ తాగి బయల్దేరు అన్నా.