గ్రనాడా మెట్లు

గార్చింగ్‌లో పొద్దుటి నుంచీ వాన. స్పెయిన్‌లో చదవాల్సిన సెమిస్టరు కరోనా వల్ల మరో దేశంలోని ఈ హాస్టల్ గదిలోనే ఆన్‌లైన్‌లో సాగుతోందని ఆమె ఇంట్లో చెప్పలేదు. ల్యాప్‌టాప్‌లో స్పెయిన్‌లోని గ్రనాడా వీధులు చూస్తూ, కరీంనగర్ ఆస్పత్రిలో ఆక్సిజన్ మీదున్న తండ్రితో ఫోన్లో మాట్లాడుతోంది.

"వార్డంత చెప్పిన, నా బిడ్డ స్పెయిన్ల ఉన్నదని. యాడ నడుస్తున్నవు?"

"సందులల్ల, బాపూ. అన్నీ తెల్లగోడలు, పూలకుండీలు."

"ఎండున్నదా?"

"మస్తున్నది. ఇగ మెట్లెక్కుతున్న."

"ఆగాగి ఎక్కు బిడ్డా, దమ్మొస్తది."

"ఎనబై ఎక్కిన బాపూ."

ఆక్సిజన్ బుడబుడల మధ్య నుంచి తండ్రి గొంతు వినిపించింది.

"ఎనబై ఎక్కితే దమ్మొస్తలేదేంది నీకు?"

ఆమె ల్యాప్‌టాప్ వదిలి కిటికీ బయటి వాన వంక చూసింది.

"గదిలనే ఉన్నవు గదా. కానియ్యి, నేను గూడ మంచం దిగుతలేను. మీదికెక్కినంక ఏం గనవడతదో చెప్పు."