సప్పుడు చెయ్యని ఇంజను

ఆగు! గడప దాటకు. కుడికాలు గాదు, ఏ కాలూ పెట్టకు.

ఏంది గట్ల చూస్తున్నవు? తొలిచూలు బిడ్డతోని అమ్మగారింటి నుంచి వచ్చిన కోడలిని, ఎర్రనీళ్ళ పళ్ళెం చేతుల పట్టుకోని వాకిట్లనే ఆపిన అత్తను ఎన్నడూ చూడలేదా? ఇయ్యాల చూడు. నేను పళ్ళెం తిప్పుతనే ఉంట, నువ్వు తల వంచుకోని నిలబడు. కిటికీలకెల్లి చూసేటోనికి దిష్టి తీస్తున్నట్టే కనపడాలె. మీ అన్న హనుమంతును ఆటోలనే కూసోమను. సామాను దించద్దను.

మెల్లగ అడగవే! పిల్ల లేస్తది. లేస్తే ఏడుస్తది. ఈ ఇంటి ముంగట అది ఏడ్వద్దు.

అత్తమ్మ గుసగుసలాడుడేందని నవ్వొస్తున్నదా? నవ్వు మరి. నా గొంతు వింటే నల్లా కాడ ఆడోళ్ళు బిందెలు పక్కకు జరుపుకునేటోళ్ళు. నువ్వు కాన్పుకని కోర్పనాల మీ అమ్మగారింటికి పోయినంక, ఈ ఇంట్ల నాకు గొంతే లేదు.

నీ మొగని గొంతు విన్నవా నువ్వు? ఫోన్ ఎత్తడు, మెసేజ్ పెడ్తడు. డ్యూటీ మీదున్నడని అనుకున్నవు. డ్యూటీ లేదు, గీటీ లేదు. ప్లాంటుల బొగ్గు మోసే బెల్టు గేర్‌డబ్బా వాని చెవు పక్కనే పగిలింది. అప్పటికెల్లి సెలవే. బాలింతవు, బెంగ పెట్టుకుంటవని నీకు చెప్పలే. చెవుల్ల ఒకటే గుయ్యిమని మోతనట. డాక్టరేమో 'సవయ్ హోయీల్, అలవాటైతది' అన్నడు. ఆ మోత ఆయన చెవుల పోస్తే తెలుస్తుండె అలవాటేందో!

ఇగ విఠల్‌కు ఆ బొమ్మ రైలింజన్ల పిచ్చి ఉండనే ఉన్నది గద. బొమ్మలంటే కోపమొస్తది, నమూనాలనాలె. ఇదివరకు ఏం చేస్తుండె? కుదుపు లేకుండ నడవాలె, నత్తలెక్క మెల్లగ పోయినా మధ్యల ఆగొద్దు, అదే యావ. లోపల సీసం ముక్కలు పెట్టి బరువు పెంచుడు, చక్రాల మసి తుడుచుడు, అన్ని చక్రాలకు కరెంటు అందేటట్టు వెంట్రుకంత తీగలు అతుకుడు. ఇప్పుడవేం లేవు. సప్పుడు పోవాలె. అంతే.

మోటరు మార్చిండు. గేర్ల పండ్లను అరగదీసి నునుపు చేసిండు. ఇంజను పొట్టల సందు లేకుండ నల్ల స్పాంజి కుక్కిండు. పట్టాల కింద రబ్బరు పరిచిండు. ఒక్కొక్క ముక్క ఇప్పి చెవు కాడ పెట్టుకోని, 'ఎక్కడ పుడ్తున్నవే నువ్వు?' అని సప్పుడునే అడుగుతడు. కోపంగ గాదే, ముద్దుగ! ఆఖరికి ఎట్లయిందంటే, కండ్లు మూస్తే ఆ ఇంజను లేనే లేదు. పట్టా మీద వేలు పెడ్తే సన్నగ వణుకు, అంతే. శభాష్ రా అన్న నేను. 'మెల్లగమ్మా' అన్నడు.

ఆ చేతులు అక్కడనే ఆగితే నిన్ను ఈ ఎండల ఎందుకు నిలబెడ్త?

గోడ గడియారం పోయింది. కుక్కర్ సీటీ పోయింది. బయటి గంట తీగ తెంపిండు. నా చెప్పులు చూడు, చూసినవా అడుగున? అదే స్పాంజి. ఇంట్ల దయ్యం తిరిగినట్టు తిరుగుతున్న నేను.

పక్కింటి లక్ష్మీబాయి చిలుక యాదికున్నదా? పొద్దంత 'విఠ్ఠల్, విఠ్ఠల్' అని దేవుణ్ణి తలుస్తుండె. నీ మొగణ్ణి నీకంటె ఎక్కువ అదే పిలుస్తదని నవ్వేదానివి. మొన్న పంజరంల పడి ఉన్నది. గాయం లేదు, రక్తం లేదు. ముసలిదై పోయిందని లక్ష్మీబాయి ఏడ్చుకుంట గుంట తవ్వింది. ఆమె తవ్వుతుంటే చిలుక ముక్కు తెరిచి చూసిన నేను.

లోపల నల్లగ, ఇంత ముక్క. గొంతు దాక. సందు లేకుండ.

లక్ష్మీబాయికి చెప్పలే. నేను, చెప్పలే!

వాన్ని అడగకుండ ఉంటనా? 'ఎందుకు చంపినవు రా' అంటే మొహం తెల్లబోయింది. 'చంపలేదమ్మా, సప్పుడు ఆపిన, అంతే' అన్నడు. ఏడ్చిండు గూడ. భుజాలు ఎగిరెగిరి పడుతున్నయి, ఒక్క సప్పుడు బయటికి రాలే.

నిన్న ఊయల దించిండు. కొక్కాలకు రబ్బరు తొడిగిండు, ఇగ కిర్రుమనదు. బిడ్డంటే ఎంత పానమో అనుకుంట పక్కన కూసున్న. అప్పుడడిగిండు. 'అమ్మా, పసిపిల్లలకు ఏడుపు ఛాతిలకెల్లి వస్తదా, గొంతులకెల్లి వస్తదా?'

ఇంజను ఇప్పేముందు ఎట్లడుగుతడో, అట్లనే అడిగిండు జ్యోతీ.

ఏడ్వకు. వాడు చెడ్డోడు గాదు. చెడ్డోడైతే ఇంత భయమెందుకే, చీపురు తిరగేసి బుద్ధి చెప్తుంటి. బిడ్డను మస్తు ప్రేమిస్తడు. ఆ ప్రేమకే నాకు చెమటలు పడుతున్నయి.

అగో, పరద కదిలింది. పిల్లను కొంగు కింద పెట్టుకో.

విను. నాగపూర్‌ల మనసుకు మందిచ్చే డాక్టరున్నడు, వాన్ని నేను తోల్కపోత. రాకుంటే ఈడ్చుకపోత. నేనొచ్చి పిలిచేదాక నువ్వు రాకు. వాడొచ్చి పిలిచినా రాకు. మెసేజ్‌ల ఎంత తియ్యగ రాసినా రాకు.

ఎందుకు ఎనక్కి పోయినవని అడిగితే? అత్త తిట్టి ఎల్లగొట్టిందను. గల్లీ గల్లీ నమ్ముతది. లక్ష్మీబాయి అయితే అడగకుండనే సాక్ష్యం చెప్తది. ఇన్నేండ్లు కష్టపడి గయ్యాళి పేరు సంపాయించిన, ఒక్క దినమన్న అక్కరకు రావద్దా?

ఏంది? ఇంత గట్టిగ ఒర్రి తిట్టినంక మళ్ళ ఆ ఇంట్లకు పోయేది నేనే గదా, అంటున్నవా?

పోత. కన్నదాన్ని, ఏడికి పోత మరి? నా నోరు మూయాలంటే బజారుల ఉన్న స్పాంజంత చాలదు, పో.

ఇగ తిట్లు మొదలుపెడ్త. మీ అమ్మను గూడ ఇడిచిపెట్ట, ముందే చెప్తున్న. పళ్ళెం ఇసిరేయంగనే ఆటో ఎక్కు. పిల్ల చెవులు మూయి. మనసుల పెట్టుకోకు, బిడ్డా.